తిట్టు కాని మాట ఒకటి

తార్నాక,
7 జులై 1968

పూజ్యులైన పెదనాన్న గారికి,

హెలెన్ వందనాలు. మీరు పంపిన ఎండు నెత్తళ్ళ చేపలు నాన్న టిఫిన్ డబ్బాలో యూనివర్సిటీ ఆఫీసు దాకా వెళ్ళాయి. పక్క బల్ల గుమాస్తాలు కిటికీలన్నీ తెరుచుకుని కూర్చున్నారట. అమ్మ మాత్రం రెండు పూటలా అవే వండుతోంది.

ఒక సంగతిలో మీ తీర్పు కావాలి. మొన్న ఆర్ట్స్ కాలేజీలో నోటీసు బోర్డు ముందు ఒకావిడ నిలబడి ఉన్నారు. చేతిలో కాగితం ఉంది, గుచ్చడానికి ఏమీ లేదు. నా గాజులకున్న పిన్నీసులు రెండు తీసిచ్చాను. ఆవిడ నడుము దాకా వంగి దణ్ణం పెట్టారు. ఎం.ఏ. మొదటి ఏడు పిల్లకి అలా వంగి దణ్ణం పెట్టిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆవిడ జపాను దేశస్థురాలు. భర్త ఇక్కడి లాబొరేటరీలో పని చేయడానికి వచ్చారు. తార్నాకలోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటున్నారు. ఆ నోటీసు ఏమిటంటే, సాయంత్రాలు జపనీసు భాష నేర్పుతారట. ఏడాది చివర పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయి.

నాకు చేరాలని ఉంది. ఎందుకంటే చెప్పలేను. నాన్న, "దానివల్ల ఏం లాభం?" అంటున్నారు. నన్ను సికింద్రాబాదులో షార్టుహాండు క్లాసులో వేస్తారట. అదీ ఐదింటికే, ఇదీ ఐదింటికే. నా స్నేహితురాలు సమ్మక్క తెలుసు కదా, హుజూరాబాదు పక్క పల్లె నుంచి వచ్చి అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుతోందని రాశాను. అది ఇంకా నవ్వుతోంది. "ఏందే హెలెన్, గా జపాన్ బాస నేర్చుకొని ఎవలతోని మాట్లాడుతవే? మీ అమ్మతోనా, పాలాయనతోనా?" అంటుంది. టీచరు గారి పేరు కితగావా. సమ్మక్క నోట్లో ఆవిడ అప్పుడే 'కితాబమ్మ' అయిపోయారు.

లాభమో కాదో మీరే చెప్పండి. మీరు అవునంటే నాన్న మారు మాట్లాడరు. మీరు మలయాలో ఉన్నప్పుడు అక్కడికి జపాను వాళ్ళు వచ్చారు కదా, ఆ భాష విన్నారా? వినడానికి బాగుంటుందా? వెంటనే రాయండి. పెద్దమ్మకి ముద్దులు.

మీ హెలెన్

---

భీమునిపట్నం,
16 జులై 1968

చిరంజీవి హెలెన్‌కి పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరం అందింది. జపనీసు వద్దు. షార్టుహాండులో చేరు. మా తమ్ముడు ఇమ్మానుయేలు చెప్పిందే సబబు.

ఇక్కడ మూడు రోజులుగా ఒకటే వాన. సముద్రం మట్టి రంగులో ఉంది, తెప్పలు దిగలేదు. గుడిలో హార్మోనియం తేమకి బిగుసుకుపోయి రెండు మెట్లు పలకడం లేదు. ఆదివారం ఆ రెండు స్వరాలూ నేను నోటితోనే పాడవలసి వచ్చింది. మీ పెద్దమ్మ అమృతమ్మకి మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది.

మలయా సంగతి అడిగావు. అక్కడ కొబ్బరి తోటలుండేవి. అంతే.

ప్రభుదాసు

---

తార్నాక,
29 జులై 1968

పెదనాన్న గారికి వందనాలు.

మీ ఉత్తరం రాకముందే నేను వారం రోజులు క్లాసుకు వెళ్ళిపోయాను. కోప్పడండి. మీరు కోప్పడిన ఉత్తరం ఒక్కటి కూడా నా దగ్గర లేదు, దాచుకుంటాను.

కానీ మీ ఉత్తరంలో కోపం కూడా లేదు. అదే నాకు భయంగా ఉంది. పదేళ్ళు వచ్చేవరకు మీ దగ్గర పెరిగాను. జ్వరంలో ఐసుఫ్రూటు వద్దన్నప్పుడు కూడా ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పిన మనిషి మీరు. ఇప్పుడు 'వద్దు' అని ఒక్క ముక్క రాసి వాన గురించి చెప్పారు.

ఇంకొకటి. క్లాసులో మొదటి రోజు అంకెలు చెప్పారు. ఇచి, ని, సాన్, షి, గో. టీచరు గారు బల్ల మీద వేలితో కొడుతూ చెబుతుంటే నా ఒళ్ళు జలదరించింది. అవి నాకు వచ్చు! మన పెరటి బావిలో మీరు నీళ్ళు తోడుతూ, చేద పైకి వచ్చినప్పుడల్లా గొణిగేవి ఇవే. నేను గట్టు మీద గెంతుతూ మీతో పాటు అనేదాన్ని. ఇన్నాళ్ళూ అది మీరు నా కోసం కట్టిన పాట అనుకున్నాను. మిగతా అందరూ పది దాకా తడుముకుంటుంటే నేను గడగడా చెప్పేశాను. "ఎక్కడ నేర్చుకున్నారు?" అని టీచరు గారు అడిగారు. "మా పెదనాన్న దగ్గర" అన్నాను. ఆవిడ ఎంత సంతోషించారో!

అంటే మీకు జపనీసు వచ్చు. మరి ఎందుకు చెప్పలేదు? ఎందుకు వద్దో చెప్పండి, రేపే మానేస్తాను. చెప్పకపోతే మానను.

హెలెన్

---

భీమునిపట్నం,
4 సెప్టెంబరు 1968

హెలెన్ తల్లికి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మీ పెద్దమ్మ రోజూ "పిల్లకి రాసేరా?" అని అడుగుతోంది. రోజూ రేపంటున్నాను.

పేరాక్ అనే చోట ఒక కొబ్బరి తోటలో నేను హాజరు రాసే గుమాస్తాని. నలభై ఒకటి చివర జపాను సైన్యం వచ్చింది. తోట దొరలు పారిపోయారు. ఏడాదిన్నర ఎలాగో నెట్టాం. ఆ తర్వాత లారీలు వచ్చాయి. సయాం దేశంలో మూడు నెలల పని, బియ్యం ఇస్తాం, కూలి ఇస్తాం అన్నారు. ఇష్టమేనా అని ఎవరినీ అడగలేదు. మగవాళ్ళని ఎక్కించారు. నాతో పాటు టెక్కలి పేరయ్య కూడా ఎక్కాడు. తోటలో వాడిదీ నాదీ ఒకే గది. వంట వాడిది, ఉత్తరాలు రాయడం నాది.

అది అడవుల్లో రైలు కట్ట వేసే పని. కొండ తవ్వడం, మట్టి మోయడం, వాన, కలరా. తెల్లారకముందే వరసలో నిలబెట్టి 'బాంగో!' అని అరిచేవారు. ఒక్కొక్కడూ తన అంకె చెప్పాలి. వాళ్ళ భాషలోనే చెప్పాలి, తడబడితే చెంప పగిలేది. వరస మారకూడదు. ముందు నిలబడే వాళ్ళలో ఎవరైనా లేకపోతే నీ అంకె తగ్గుతుంది. మొదట్లో నా అంకె 'నిజూహచి'. వానలు వెలిసేసరికి 'జూఇచి'. నువ్వు అంకెలు నేర్చుకున్నావు కదా, మిగతాది నువ్వే చూసుకో.

పేరయ్య నాకు ముందు నిలబడేవాడు.

నాకు వచ్చిన జపనీసు అంతా రాస్తాను, ఎక్కువ లేదు. 'కోరా' అంటే ఒరేయ్. 'హయాకు' అంటే త్వరగా. 'కియొత్సుకే' అంటే కదలకుండా నిలబడు. 'బకయారో' అంటే ఏమిటో మీ టీచరుని అడగకు. 'యసుమే' అంటే పని ఆపు. ఆ ఒక్కటి ఎప్పుడో గానీ వినబడేది కాదు.

బావి దగ్గర నేను లెక్కపెట్టలేదమ్మా. బరువు ఎత్తినప్పుడల్లా ఆ అంకెలు వాటంతట అవే నోటికి వచ్చేవి. నువ్వు గట్టు మీద గెంతుతూ అవే అంటుంటే, నీ నోట్లో అవి వేరే మాటలైపోయినట్టు ఉండేది. అందుకే ఆపలేదు.

ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి కూడా. నలభై ఆరులో ఓడ దిగినప్పుడు వాడు నన్ను తీసుకెళ్ళడానికి విశాఖ రేవుకి వచ్చి, నా పక్కనుంచే వెళ్ళిపోయాడు, గుర్తుపట్టలేక. దానికే వాడు ఇప్పటికీ బాధపడతాడు. ఇంకా ఎందుకు.

వద్దన్నది ఎందుకో అడిగావు, చెప్పాను. ఆ మాటలు నీ నోట ఇప్పుడు వినాలంటే నాకు కష్టం. ఆపైన నీ ఇష్టం.

పెదనాన్న

---

తార్నాక,
12 సెప్టెంబరు 1968

పెదనాన్నా,

మానేశాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇరవై ఎనిమిదిలోంచి పదకొండు తీసి చూశాను. ఇంకేమీ రాయడానికి చేతకావడం లేదు. 'మా పెదనాన్న దగ్గర నేర్చుకున్నాను' అని క్లాసంతా వినేలా గొప్పగా చెప్పాను కదా, అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

టీచరు గారికి ఏదో కారణం చెప్పాను. ఆవిడ ఏమీ తరిచి అడగలేదు. సోమవారం నుంచి షార్టుహాండు. నాన్న చాలా సంతోషంగా ఉన్నారు, సైకిలు మీద తనే దింపుతారట. అప్పుడే పుస్తకం కూడా తెచ్చారు, ఆ గీతలు జపనీసు కంటే అన్యాయంగా ఉన్నాయి. 'రాజమండ్రి' రాస్తే తేలులా వచ్చింది.

మీరు బాధపడకండి. నాకు ఏమీ కష్టం లేదు.

మీ హెలెన్

---

భీమునిపట్నం,
20 అక్టోబరు 1968

చిరంజీవి హెలెన్‌కి,

నువ్వు నా మాట విన్నందుకు సంతోషించాలి. రెండు రోజులు సంతోషించాను కూడా. మీ పెద్దమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. "దెబ్బలు తిన్నది మీరు. ఆ గుంట ఏటి చేసిందని దాని పుస్తకం మూయించేరు?" అంది. నేను మూయించలేదు, అదే మూసుకుంది అన్నాను. "ఆఁ" అని లోపలికి వెళ్ళిపోయింది.

నా ఎడమ కంట్లో పొర పెరుగుతోంది. మీ నాన్న హైదరాబాదు వచ్చి పెద్ద డాక్టరుకి చూపించుకోమంటున్నాడు. వచ్చే నెల బయలుదేరుతున్నాను. ఒక్కణ్ణే వస్తాను, పెద్దమ్మ మోకాళ్ళతో రైలెక్కలేదు. సికింద్రాబాదు స్టేషనుకి నువ్వు రా. మీ నాన్నని పంపితే మళ్ళీ నా పక్కనుంచే వెళ్ళిపోగలడు.

పెదనాన్న

---

భీమునిపట్నం,
9 డిసెంబరు 1968

హెలెన్ తల్లికి ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. పొర ఇంకా ముదరలేదు, వచ్చే ఏడు కోస్తామన్నారని పెద్దమ్మకి చెప్పాను. మీ ఇంట్లో ఉన్న పదిహేను రోజులూ నువ్వు నాకు అన్నం వడ్డించి, పేపరు చదివి పెట్టి, జపాను ఊసు ఎత్తకుండా జాగ్రత్తపడ్డావు. నేనూ ఎత్తలేదు. కానీ నీకు తెలియకుండా ఒక పని చేశాను. ఎదురుగా చెప్పలేకపోయాను. నాకు కాగితం మీదే నోరు వస్తుంది.

నువ్వు షార్టుహాండుకి వెళ్ళిన ఒక సాయంత్రం సమ్మక్క పుస్తకం కోసం ఇంటికి వచ్చింది. నన్ను ఆర్ట్స్ కాలేజీకి తీసుకుపోతావా అని అడిగాను. దారిలో, "పెద్దనాయినా, కితాబమ్మతోని నీకేం పని?" అంది. ఒకసారి చూడాలన్నాను. "చూసేటందుకు ఏమున్నది? మన లెక్కనే మనిషి" అంది.

వరండాలో ఆ రాతి స్తంభాలు లెక్కపెడుతూ నడిచాను. క్లాసు అయిపోయి గదిలో ఆవిడ ఒక్కరే బోర్డు తుడుస్తున్నారు. సన్నటి మనిషి, చెవుల దగ్గర నెరిసింది. హెలెన్ పెదనాన్ననని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అంకెలు నేర్పింది మీరేనా? ఇంకా మా భాష ఏమేం వచ్చు?" అన్నారు.

వచ్చినవన్నీ చెప్పాను. ఎలా విన్నానో అలాగే వచ్చాయి, అరుపులుగా. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. వరండాలో పోయే పిల్లలు ఆగిపోయారు. సమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చేతిలోని డస్టరు బల్ల మీద పెట్టేశారు.

"ఎవరు నేర్పారు?" అన్నారు.

"మీ సైన్యం. సయాం రైలు కట్ట మీద."

"అన్ని రోజుల్లో ఒక్కరైనా మీతో 'ఒహాయో గొజాయిమాసు' అనలేదా?"

"అంటే ఏమిటి?"

"పొద్దున్నే మనిషి కనబడితే అనే మాట."

"లేదమ్మా. పొద్దున్నే మాకు బాంగో."

అప్పుడు సాయంత్రం ఆరు దాటింది. అయినా ఆవిడ నా ఎదుటికి వచ్చి నిలబడి, చేతులు ముందుకి దించుకుని, వంగి, "ఒహాయో గొజాయిమాసు" అన్నారు. నేను వెనక్కి జరిగి బెంచీకి తగిలాను. అక్కడ వంగవలసింది మేము. వంగకపోతే కొట్టేవారు. ఎదుటి మనిషి నాకు వంగడం నా ఒంటికి తెలియదు.

ఆవిడ అన్నగారు సైన్యంలో బర్మా వెళ్ళి తిరిగి రాలేదట. "అక్కడ ఏం చేశాడో నాకు తెలియదు. అడగాలంటే భయం" అన్నారు. అందరూ ఒకేలా ఉండరని ఓదార్పుగా ఏదో అనాలనుకున్నాను. కానీ నేను చూసిన వాళ్ళలో వేరేగా ఉన్నవాడు నాకు గుర్తు రాలేదు. అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. సమ్మక్క ఎక్కడినుంచో మూడు చాయ్‌లు పట్టుకొచ్చింది. ముగ్గురం ఆ బెంచీ మీదే కూర్చుని తాగాం.

లేచేటప్పుడు, "హెలెన్ వాళ్ళ అమ్మగారి ఆరోగ్యం కుదుటపడిందా?" అని అడిగారు. మీ అమ్మ సారమ్మ ఆ పొద్దున్నే గారెల పిండి రుబ్బుతూ నాకు కనబడింది. నువ్వు చెప్పిన కారణం అదన్నమాట. నా పరువు కోసం మీ అమ్మని మంచం పట్టించావు.

జపనీసు నేర్చుకుంటే లాభమా అని జులైలో అడిగావు. ఉద్యోగాల సంగతి నాకు తెలియదు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ భాషలో నాకు తెలిసిన వాటిలో తిట్టు కాని మాట, ఆజ్ఞ కాని మాట ఆవిడ ఆ సాయంత్రం చెప్పినది ఒక్కటే. ఇంకొన్ని ఉంటే బాగుండును అనిపిస్తోంది. మళ్ళీ చేరు. మీ నాన్నకి నేను రాస్తాను, ఈసారి అంతా రాస్తాను. ప్రతి ఉత్తరంలో నాకు ఒక మాట పంపు.

పెదనాన్న

---

తార్నాక,
26 జనవరి 1969

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం నాన్నకి వచ్చిన రోజు ఆయన ఆఫీసు నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా పెరట్లో కూర్చుండిపోయారు. రాత్రి అన్నం దగ్గర నాతో, "ఆవిడ క్లాసు ఎన్నింటికి?" అన్నారు. అంతే. మర్నాటి నుంచి సైకిలు సికింద్రాబాదు బదులు ఆర్ట్స్ కాలేజీ వైపు తిరిగింది. షార్టుహాండు ఎండాకాలానికి వాయిదా.

టీచరు గారు నన్ను చూసి నవ్వారు. నా పాత చోటు చూపించారు, అంతే. మీ గురించి అడిగారు.

కానీ ఇప్పుడు కాలేజీలు మూసేశారు. తెలంగాణ ఉద్యమం సంగతి పేపర్లో చూస్తూనే ఉంటారు. రోజూ ఊరేగింపులు, లాఠీలు. మా వీధిలో ఆంధ్ర వైపు నుంచి వచ్చిన రెండు కుటుంబాలు తాళాలు పెట్టి వెళ్ళిపోయాయి. నాన్న తలుపు గడియ వేసి ఉంచుతున్నారు. సమ్మక్క ఊరేగింపుల్లో ముందుంటుంది. మొన్న సాయంత్రం గొంతు బొంగురుపోయి మా ఇంటికే వచ్చింది. "నా మీద కోపంగా ఉందా?" అని అడిగాను. "నీ మీద ఎందుకుంటదే? మా తమ్మునికి కొల్వు కావాలె, మా ఊరోళ్ళకు కొల్వులు కావాలె. గది వేరు, నువ్వు వేరు. నీ బాస చదువు ఆగొద్దు, నడువు" అంది. టీచరు గారు ఇప్పుడు వాళ్ళ ఇంట్లోనే చెబుతున్నారు. సమ్మక్క నన్ను అక్కడి దాకా దింపి, మళ్ళీ తీసుకొస్తోంది. వాకిట్లో కూర్చుని వింటూ అది కూడా నాలుగు మాటలు పట్టేసింది.

మీ మాట: 'ఒయాసుమి నసాయి'. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేది. పిల్లలకి తల్లులు చెప్పేది. అర్థం 'విశ్రాంతి తీసుకోండి' అని. మీకు తెలిసిన 'యసుమే' దీనికి దగ్గరి చుట్టమే పెదనాన్నా. అక్కడ అరిచారు, ఇళ్ళలో మెల్లగా చెప్పుకుంటారు.

హెలెన్

---

భీమునిపట్నం,
11 ఫిబ్రవరి 1969

హెలెన్ తల్లికి,

మాట అందింది. ఆ రాత్రే దీపం తగ్గించి మీ పెద్దమ్మతో అన్నాను. "ఏటి, నన్ను తిడతన్నారా?" అంది. అర్థం చెప్పాను. "పడుకోండి, పడుకోండి అని ఇరవయ్యేళ్ళుగా నేను మొత్తుకుంటన్నది అదే కదా" అంది. ఇప్పుడు తనే ముందు అంటోంది, సగం మింగేసి, 'యాసుమి సాయి' అని.

టీచరు గారికి ఒక పొట్లం పంపుతున్నాను, ఎండు నెత్తళ్ళు. వాళ్ళు సముద్రం వాళ్ళే కాబట్టి కిటికీలు తెరవరనుకుంటాను. మాటలు ఎక్కువ పంపు. ఒకటి చాలడం లేదు. ఇంట్లో వాళ్ళని ఏమని పిలుచుకుంటారో అవి రాయి.

వీధుల్లో జాగ్రత్త. సమ్మక్కకి నా ఆశీస్సులు చెప్పు. గొంతుకి మిరియాల పాలు తాగమను.

పెదనాన్న

---

తార్నాక,
22 ఏప్రిల్ 1969

పెదనాన్న గారికి,

టీచరు గారు వెళ్ళిపోయారు. వాళ్ళాయన పని గడువు ముగిసింది. పరీక్ష జరగలేదు. సర్టిఫికెట్ లేదు. కాలేజీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. క్లాసులో నాతో పాటు చేరిన ఇంజనీర్లు ఎప్పుడో మానేశారు, చివరికి మిగిలింది నేను, వాకిట్లో సమ్మక్క.

నాన్న ఏమీ అనడం లేదు. కానీ నిన్న, "జూన్‌లో షార్టుహాండు మొదలుపెడదామా అమ్మా?" అని మెల్లగా అడిగారు. సరే అన్నాను. ఆయన తప్పేముంది? మానేసిన రోజులు పోగా ఆరు నెలలు కూర్చుని నేను ఏ ఆఫీసుకీ చూపించలేని చదువు చదివాను.

సికింద్రాబాదు స్టేషనుకి వెళ్ళాం. రైలు కదిలే ముందు టీచరు గారు 'సయొనారా' అనలేదు. 'ఇత్తె కిమాసు' అన్నారు. ఇంట్లోంచి బయటికి పోయే వాళ్ళు అనే మాట అది. 'వెళ్ళి వస్తాను' అని. మన మాటకి అచ్చు అదే. మనం కూడా ఒక్క 'వెళ్తాను' అనం కదా అని నేను చెప్పిన రోజున ఆవిడ పుస్తకం మూసేసి పకపకా నవ్వారు. ఇంగ్లీషులో పదేళ్ళు వెతికినా ఇది దొరకలేదన్నారు. స్టేషన్లో సమ్మక్క రైలు పక్కన పరుగెత్తుతూ "పోయిరా కితాబమ్మా, పోయిరా!" అని అరిచింది. ఆవిడకి అర్థమైంది. చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

మీకు ఇమ్మని ఏదైనా చెబుతారేమో అనుకున్నాను. "ఆయనకి నా నమస్కారం చెప్పండి. ఆ రోజు ఆయన మా అన్న గురించి అబద్ధం చెప్పలేదు" అన్నారు.

ఇంటికి వచ్చి పుస్తకాలు ట్రంకు పెట్టెలో పెట్టేశాను. ఇక్కడ ఇక ఆ భాష మాట్లాడడానికి ఎవరూ లేరు. మొదట్లో సమ్మక్క అడిగిందే నిజమైంది. లాభమా అని మిమ్మల్ని మళ్ళీ అడగను. దిగులుగా ఉంది, అంతే.

హెలెన్

---

భీమునిపట్నం,
6 మే 1969

హెలెన్ తల్లికి ఆశీస్సులు.

నిన్న జరిగింది ఈ పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

విశాఖ రేవుకి ఇనుప రాయి తీసుకెళ్ళే జపాను ఓడలు వస్తుంటాయని విన్నాను గానీ ఎప్పుడూ అటు వెళ్ళలేదు. నిన్న మధ్యాహ్నం ఆ ఓడ కుర్రాళ్ళు నలుగురు బస్సెక్కి మన ఊరు వచ్చారు. గుడి నుంచి వస్తుంటే ఒడ్డున గుంపు. మధ్యలో వాళ్ళు, చుట్టూ మన పిల్లలు. కొబ్బరి బొండాల వీరస్వామికి ఏదో చెప్పబోతున్నారు, వాడికి తెలియడం లేదు.

ఆ మాటలు చెవిన పడగానే నేను ఒక తెప్ప వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. నీకు దాచను, చాలాసేపు నిలబడ్డాను. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. అందులో ఒకడు అచ్చం ఆ రోజుల్లో మమ్మల్ని లెక్కపెట్టిన వాడిలాగే గుండ్రటి మొహం వాడు. వాడి కాలికి గవ్వ గీసుకుని రక్తం కారుతోంది. కట్టుకోవడానికి గుడ్డ అడుగుతున్నాడు, అంతే. అది చూశాక వెనక ఉండలేకపోయాను. నా పైపంచె కొస చింపి ఇచ్చాను. ఇచ్చి, నాకు వచ్చిన మొదటి మంచి మాట అనేశాను: "ఒహాయో గొజాయిమాసు."

నలుగురూ ఒక్క క్షణం అలా చూసి, విరగబడి నవ్వారు. మూడు గంటల ఎండలో శుభోదయం చెప్పానని తర్వాత గుర్తొచ్చింది. వేళ్ళతో సూర్యుణ్ణి చూపించి 'కొన్నిచివా' అని దిద్దారు. నేనూ నవ్వాను. ఆ భాష వింటూ నేను నవ్వడం ఇదే మొదలు. వీరస్వామి బొండాలు కొట్టాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. 'ఒజీసాన్' అంటున్నారు. అంటే తాత అని నువ్వు మార్చిలో రాశావు.

అప్పుడు ఆ గుండ్రటి మొహం వాడు, కాలికి గుడ్డ బిగించుకుంటూ, నా నోటి వైపు చూపించి, ఎక్కడ నేర్చుకున్నావు అన్నట్టు చెయ్యి తిప్పాడు. మిగతా ముగ్గురూ నా వైపు తిరిగారు.

నాకు రెండు జవాబులున్నాయి. రెండూ నిజమే. మొదటిది నాలుక చివరి దాకా వచ్చింది. పేరయ్య పేరు కూడా వచ్చింది. ఆ పిల్లలు అప్పటికి పుట్టి కూడా ఉండరు.

కూతురికి వాళ్ళ మాట నువ్వు రాసి పంపావు కదా. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ముసుమే" అన్నాను. నా కూతురు నేర్పింది.

వాళ్ళకి ఎంత నచ్చిందో! ఒకరికొకరు చెప్పుకున్నారు, నన్ను ఏమేమో అడిగారు. నీ గురించే అయి ఉంటుంది. నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఓడ ఇంకో పది రోజులు రేవులో ఉంటుందట, ఆదివారం మళ్ళీ వస్తారట. ఇది కూడా వేళ్ళు లెక్కపెట్టి తెలుసుకున్నదే, తప్పు కావచ్చు. మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది.

నేను ఎంతసేపని నవ్వుతూ కూర్చోను? పేరయ్య గురించి వాళ్ళకి చెప్పాలని ఉంది. కోపంగా కాదు, వాడు ఎలాంటి వాడో చెప్పాలి. అది చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ట్రంకు పెట్టె తెరిచి పుస్తకాలు తెచ్చుకో. సమ్మక్క వస్తానంటే దాన్నీ తీసుకురా. ఈ ఉత్తరం అందిన రోజే బండెక్కు.

నీ కోసం వాల్తేరు స్టేషన్లో ఉంటాను.

పెదనాన్న